మూర్తి సారు నాలుకబద్ద

గోపాలకృష్ణమూర్తి నాకు చేసిన నష్టం ఇంకెవరైనా చేసి ఉంటే మా గౌలిపుర బస్తీ అంతా వినేలా తిట్టేవాణ్ణి. ఆయన్ని తిట్టడానికి కూడా వీల్లేదు. ఆయన చేసిన తప్పల్లా నేను చెప్పిన మాట వినడమే.

ఆయనది భీమవరం వైపు. ఏదో సర్కారు ఆఫీసులో ఉద్యోగం. మా బర్రె కొట్టానికీ ఆయన పెరటికీ మధ్య ఒకటే గోడ. ఆరేళ్లయినా మాటల్లేవు. ఆంధ్రావాళ్లకు మనమంటే చులకన అని నాకెవరో చెప్పారు. ఎవరో గుర్తులేదు గానీ గట్టిగా నమ్మాను. గోడ పక్కనే పాలు పిండుతుంటే ఆయన సందు చివర సోమయ్య దుకాణం నుంచి పాకెట్ పాలు తెచ్చుకునేవాడు. ఇంక వేరే రుజువెందుకు?

ఆ మనిషి రోజూ పొద్దున పావు తక్కువ ఐదుకు పెరట్లో నిలబడి నాలుకబద్దతో నాలుక గీసుకునేవాడు. మామూలుగా కాదు. ‘ఓ... ఆఖ్!’ అని, పేగులు బయటపడేటట్టు, పది నిమిషాలు. సరిగ్గా నేను బర్రె కింద కూర్చునే వేళ. ఒకరోజు ఓపిక నశించి గోడ మీదుగా తల పెట్టాను.

“ఏంది సార్ గీ లొల్లి! ఎవలదన్న గొంతు కోస్తున్నరా? బంద్ వెడ్తరా లేదా?”

మా బస్తీలో లొల్లి అంటే మాట మొదలుపెట్టడం. ఎదుటివాడు రెండు అనాలి, మనం నాలుగు అనాలి, మధ్యలో ఎవరో చాయ్ తెప్పించాలి. మూర్తి మాత్రం “క్షమించండి” అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. మర్నాటి నుంచి పెరట్లో చప్పుడు లేదు.

“సూసినవా పొగరు? జవాబు గూడ ఇయ్యలే,” అన్నాను నా భార్య ఆండాలుతో.

ఆ మర్నాడే మా బర్రె ముత్యాలు పాలు తగ్గించింది. కొట్టంలో పాలిచ్చేది అదొక్కటే. పొదుగు నిండా పాలున్నా బర్రె తనంతట తాను కిందికి వదలాలి. దాన్నే చేపడం అంటాం. దాని దూడ ఎప్పుడో చచ్చిపోయింది. అయినా రోజూ చేపేది. దేనికి చేపుతుందని నేనెన్నడూ ఆలోచించలేదు. పొద్దుటిపూట ఏడు లీటర్లిచ్చేది మూడుకు దిగింది. తవుడు పెంచాను, పత్తిగింజల చెక్క పెట్టాను. పశువుల డాక్టరు తోక ఎత్తి చూసి, సూది వేసి, “రోగం లేదు, మనసుల ఏదో రంది వెట్టుకున్నది” అన్నాడు. దిష్టి మూర్తిదే అయి ఉంటుందని నిమ్మకాయలు తిప్పి గోడవైపు విసిరాను. రోజూ పాలు తీసుకునే ముగ్గురు పాకెట్లకు మారారు. ఇంకో నెల ఇలాగే ఉంటే ముత్యాలును సంతకు తోలాల్సిందే.

ఇరవై మూడో రోజు ఆండాలు చెంబు కింద పెట్టింది.

“ఆ సారు నాలుక గీకుడు బంద్ వెట్టినకాడి సంది గిది పాలు బంద్ వెట్టింది. సమజైతలేదా నీకు?”

“బర్రెకు, ఆయన నాలుకకు ఏం సంబంధమే?”

“నాకేం ఎర్క? బర్రెనన్న అడుగు, సారునన్న అడుగు.”

బర్రెను అడగడమే సులువనిపించింది. అయినా వెళ్లాను.

తలుపు తీసింది ఆయన భార్య శారదాంబ. నన్ను చూసి లోపలికి కేకేసింది. “ఏవండీ! పక్కింటాయన! తెలీక తలుపు తీసేశానండీ!”

మూర్తి పరుగున వచ్చాడు. “మళ్లీ ఏమైనా శబ్దం వచ్చిందా అండీ? స్నానాలగదిలో, కుళాయి విప్పేసి మెల్లిగానే గీసుకుంటున్నానండీ.”

“అదే ముసీబత్ అయింది సార్. మెల్లగ వద్దు. ఎన్కటి లెక్క పెరట్ల నిలవడి గట్టిగ గీకుండ్రి.”

“ఎగతాళి చేస్తున్నారా?”

“నా బర్రె మీద ఒట్టు సార్.” సంగతంతా చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. శారదాంబ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“అంటే మీ గేదెకి... నా...”

“ఔ సార్. మీరంటే దానికి పానం.”

శారదాంబ నవ్వు కొంగుకు ఆగలేదు. ముగ్గురం నవ్వాం. ఆ ఊపులో అడిగేశాను. “ఆ పొద్దు నేను గంత మొత్తుకుంటే తిరిగి ఒక్క మాట అనకపోతిరేంది?”

“భయమండీ. పాతబస్తీలో ఇల్లనగానే ఆఫీసులో చెప్పారు, అక్కడివాళ్లు మాటకి ముందే కత్తి తీస్తారని.”

“మా ఇంట్ల కత్తికి వంకాయ గూడ తెగది సార్! మీరే మమ్ముల చిన్నచూపు సూస్తరనుకున్న. మా పాలు గూడ ముట్టకపోతిరి.”

“మీరు నీళ్లు కలుపుతారని విన్నామండీ.”

“ఎవలన్నరు?”

“సోమయ్య.”

“పాకెట్ పాలోడు ఇంకేమంటడు సార్!” అన్నాను గానీ, ఆయన కళ్లలోకి చూస్తూ అబద్ధం రాలేదు. “ఆదివారాలు... సుట్టాలొచ్చిన్నాడు... జరంత,” అన్నాను.

మూర్తి నేలచూపులు చూశాడు. “కొట్టం వాసనొస్తోందని మున్సిపాలిటీకి రెండు అర్జీలు పెట్టింది నేనేనండీ.”

“రెండూ మీవేనా! నేను ఉత్తపున్యానికి ఎదురింటి కొండల్‌ను తిట్టిన గద సార్!”

శారదాంబ చాయ్ తెచ్చింది. పాకెట్ పాలది. తాగాను.

మర్నాడు ముత్యాలు కింద కూర్చున్నాను. గోడ అవతల మూర్తి పిల్లిలా దగ్గాడు. ఆ మూడు లీటర్ల మీద ఒక్క చుక్క రాలేదు.

“గట్టిగ సార్! సిగ్గువడకుండ్రి!”

‘ఓ... ఆఖ్!’

ముత్యాలు చెవులు నిక్కించింది. చెంబులో ధార మోగింది.

“వచ్చిందా అండీ?”

“వస్తున్నది సార్, ఆపకుండ్రి!”

ఇప్పుడాయన మా పాలే తీసుకుంటాడు. తన చెంబు తానే తెచ్చుకుని, పిండినంతసేపూ పక్కనే నిలబడి నాలుక గీసుకుంటాడు. ఆదివారాలు ఇంకా ముందే వస్తాడు. ఆనాడే తిరిగి నాలుగు తిట్టి ఉంటే అయిపోయేది గదా అని నేనంటాను. మీరే ఆనాడు అరవకుండా వచ్చి తలుపు కొట్టి ఉంటే పోయేది కదండీ అని ఆయనంటాడు. తప్పెవరిదో తేలలేదు. నష్టం మాత్రం నాదే. ఇరవై మూడు రోజులు, రోజుకు నాలుగు లీటర్లు, లీటరు వంద. డాక్టరుకిచ్చిన ఏడు వందలు కలిపితే తొమ్మిది వేల తొమ్మిది వందల రూపాయలు.