రెండు బండ్ల షెడ్డు

కుప్పం నుంచి వస్తున్న బస్సు వెంకటగిరికోటలో ఆగినప్పుడు పాపన్న ఎక్కాడు. సంతలో గొర్రెలు అమ్ముకొని ఊరికి తిరిగి వస్తున్నాడు. వెంకటేశులు పక్కన ఖాళీ కనిపిస్తే చతికిలబడి, అతని తొడ మీద ఒక చరుపు చరిచాడు.

"ఏమప్పా, ఇంటి ముందర పెండ్లి రాట నాటించి, నువ్వేమో బస్సుల్లో తిరగతాండావు?"

"ఎవురి పెండ్లి?"

"సూడు, నన్నే అడగతాండాడు! నీ కూతురిది గాక నీదా?"

ముందు సీటులో ఒకామె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. వెంకటేశులు నవ్వలేదు.

"పొద్దున్నే నా కండ్లతో సూసినా. పసుపు, మామిడాకులు, నవధాన్యాల మూట. సొంతూరోళ్ళకు గూడా సెప్పకుండా ఏం పెండ్లప్పా ఇది?"

పుంగనూరులో దిగేదాకా పాపన్న మాట్లాడుతూనే ఉన్నాడు. వెంకటేశులుకు ఒక్క ముక్క ఎక్కలేదు. అక్క మనవణ్ణి చూడ్డానికి కుప్పం పోయి రెండు పూటలు ఉన్నాడు, అంతే. ఆ మాత్రానికే ఇంట్లో పెండ్లి కుదిరిపోతుందా?

ఇంటి ముందర పని మొదలవుతుందని అతనికి తెలుసు. అది కారు షెడ్డు పని. కూతురు ప్రసన్నలక్ష్మి మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. రోజూ పోయి రావడానికి పాత కారు ఒకటి కొనుక్కుంది. ఎండకు దాని పైరంగు పొరలు పొరలుగా లేస్తున్నదని షెడ్డు వెయ్యాలంది. నాలుగు కమ్మీలు పాతి రేకు కప్పితే చాలన్నాడు అతను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. వరండా మీద పెంకుల వాలు ఎట్లుందో షెడ్డు వాలూ అట్లే ఉండాలంది. పైన అవే పెంకులు, కిటికీల కొయ్యకున్న రంగే కమ్మీలకూ ఉండాలంది. "ఇంటికి తగిలించినట్టు ఉండగూడదు నాయనా. ఇల్లు కట్టినప్పుడే కట్టినట్టుండాల" అంది. సరే, ఏడువు అన్నాడు. అతను ఒప్పుకోవడం అంటే అదే.

సదుం రోడ్డు మీద ఆటో దిగి వీధి మలుపు తిరగ్గానే రాట కనబడింది. ఇనుప కమ్మీయే. నడుముకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, మామిడి కొమ్మ కట్టి, పచ్చగుడ్డలో నవధాన్యాలు మూటగట్టి వేలాడదీశారు. పెండ్లి రాటకు ఇంకేం కావాలి? షెడ్డుకు మామిడాకులెందుకు?

ఎదురింటి వాళ్ళు గడపలోకి వచ్చారు. "పిల్లోడు యా ఊరప్పా?" అని ఒకరు, "బెంగుళూరంట గదా" అని ఒకరు. వెంకటేశులు చెప్పులు కూడా విడవకుండా నిలబడిపోయాడు. అందరికీ తెలుసు. తనకే తెలియదు.

వెల్డింగు పని చేసే ఆనంద్ వరండా పక్కన రెండో గుంత తవ్వుతున్నాడు. ఆ గుంత రాటకు చాలా దూరంలో ఉంది. మధ్యలో కారు పట్టినాక ఇంకో కారు కూడా పడుతుంది.

"ఇంత ఎడల్పు యాలరా?"

"రెండు బండ్లు పట్టాలని అక్క సెప్పిందన్నా."

"మాకుండేది ఒకటే గదా."

"ఇప్పటికి ఒకటేలే" అని ఆనంద్ గడ్డపారను గుంతలో వేశాడు. "అక్కనే అడుగన్నా. నేను కొలతలు అడిగినా, కతలు అడగలేదు."

భార్య అన్నపూర్ణమ్మ పోయినాక ఈ ఇంట్లో అతనితో మాట్లాడే మనిషి ప్రసన్న ఒక్కతే. మాట్లాడుకునేది కూడా తక్కువే. ఉప్పు ఎక్కువైంది, కరెంటు పోయింది, అంతే. అదీ పోతే? పెండ్లయితే పోతుంది. పోయే పిల్ల షెడ్డు ఎందుకు వేయిస్తుంది? రెండు బండ్లకు ఎందుకు వేయిస్తుంది? పెండ్లికొడుకు వాళ్ళు పండగకో పబ్బానికో వస్తే నిలపడానికా? ఎంత తిప్పినా ఆ ముడి విడిపోలేదు.

"పని ఆపు" అన్నాడు.

"సిమెంటు కలిపినా గదన్నా!"

"ఆపి పో."

ఆనంద్ గొణుక్కుంటూ సామాన్లు సర్దుకున్నాడు. అతను వీధి దాటకముందే వెంకటేశులు పంచె ఎగగట్టి రాటను రెండు చేతులా పట్టుకొని ఊపాడు. సిమెంటు ఇంకా ఆరలేదు. ఎక్కువ సేపు పట్టలేదు. ఊడింది. మామిడాకులతో సహా గోడవార పడేశాడు.

పొద్దు వాలుతుండగా వదిన చెంగమ్మ టమోటాలు కోయించి తోట నుంచి వచ్చింది. అతని అన్న భార్య, గోడకవతల ఇల్లు. నేల మీద రాటను చూసి గంప దించేసింది.

"ఎవుడురా ఈ పని సేసింది?"

"నేనే. ఎవురి పెండ్లని దీన్ని నాటినారు?"

"పెండ్లా? యా నోటితో అంటాండావప్పా? కారు షెడ్డుకు నాటిన రాట ఇది."

"షెడ్డుకు మామిడాకులు కడతారా?"

చెంగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈ గుమ్మం ముందర ఇంతకు ముందు కమ్మీలు పాతింది ఎప్పుడో మరిసిపోయినావా? అన్నపూర్ణను పడుకోబెట్టిన రోజు. చావు పందిరికి ఆకు కట్టరు. మళ్ళా బోడి కమ్మీ పాతతా ఉంటే సూడలేకపోయినా. ముత్తైదువును, నేనే పసుపు పూసినా. నీ చేత్తో పూసేది గాదు గదా, నిన్ను అడగలా. ఊరోళ్ళు పెండ్లనుకుంటే నేనేం సేసేది?"

వెంకటేశులు వరండా అరుగు మీద కూలబడ్డాడు. పెండ్లి లేదు. మరి రెండో బండి?

అప్పుడే ప్రసన్న కారు వచ్చి వీధిలో ఆగింది. దిగి, రాట ఊడిన గుంతను చూసింది, నాయనను చూసింది, పెద్దమ్మను చూసింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"మీ నాయన నీకు పెండ్లయిపోతాండాదని రాట పెరికినాడు. నువ్వే సెప్పుకో" అని చెంగమ్మ గంప ఎత్తుకొని గోడ అవతలికి పోయింది. పోయి గోడ దగ్గరే నిలబడింది.

"అడిగుంటే సెప్పుండేదాన్ని గదా నాయనా."

"అడగతాండా. రెండో బండి ఎవురిది?"

ప్రసన్న కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"భానుప్రకాశ్ అని. మా కాలేజీలోనే లెక్కలు సెప్తాడు. సదుం దగ్గర వాళ్ళ ఊరు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాన్నాళ్ళ నుంచి."

"నాకు సెప్పకుండా వెల్డింగోడికి సెప్పినావు."

"వెల్డింగోడు వంక పెట్టడు గదా. ఇంటికొచ్చిన సంబంధాల్లో ఒకడు పొట్టి అన్నావు. ఒకడి నాయన తాగుబోతు అన్నావు. ఒకడు నవ్వతా ఉండాడని పంపించేసినావు. నవ్వితే గూడా తప్పేనా?"

గోడ అవతల చెంగమ్మ దగ్గింది.

"నన్ను ఇడిసిపెట్టి పొయ్యేదానివి, షెడ్డు నాకెందుకు?"

"పొయ్యేదాన్నయితే రెండు బండ్లకు ఎందుకు ఏయిస్తా?" అంది ప్రసన్న. "ఆయన ఈడికే వస్తాడు. వాళ్ళమ్మకు సెప్పి ఒప్పించినాడు."

"ఇల్లటమా?"

"నువ్వు యా పేరన్నా పెట్టుకో."

ఇల్లటపు అల్లుడు తమ వంశంలో కొత్తేం కాదు. వెంకటేశులు తాత అట్లా వచ్చినవాడే. అయితే ఆ మాట ఇంటి పెద్ద అడగాలి, పెద్దల మధ్య జరగాలి. ఇక్కడ షెడ్డు వెడల్పుతో జరిగింది. కోపం రావాలి. వచ్చింది కూడా. ఎవరి మీద వచ్చిందో మాత్రం తెలియలేదు. కూతురు పోవడం లేదన్న సంగతి ఆ కోపం కింద ఎక్కడో ఉంది. దాన్ని పైకి తీసి చూడ్డానికి అతనికి చేత కాలేదు.

"నేను మన్నించను" అన్నాడు.

"మన్నించద్దు."

"ఊరంతా నన్ను ఎర్రోణ్ణి సేసినారు."

"నువ్వే రాట పెరికి అయినావు."

అతను లేచి లోపలికి పోయాడు. గడప దాటి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"ఆదివారం రమ్మను. అన్నం పెట్టను. టీ ఇచ్చి పంపిస్తా."

"సరే నాయనా."

"షెడ్డు గురించి గాదు. మనిషిని సూడాల."

"సరే."

"నవ్వద్దని సెప్పు" అన్నాడు వెంకటేశులు. అన్న తర్వాత, అది ఎందుకన్నాడో అతనికే అర్థం కాలేదు.