అక్క పెరటి నీళ్లు

మా వీధిలో నాకు వాతావరణ శాఖ అని పేరు. ఆకాశంలో చేతి రుమాలంత మబ్బు కనిపిస్తే చాలు, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేస్తాను. ఒక్కోసారి పక్కవాళ్లవి కూడా. "మీ అమ్మకి మండుటెండలో కూడా వరదే కనిపిస్తుందే" అని మా ఆయన అమ్మాయితో అంటూ ఉంటారు. నవ్వేవాళ్లని నవ్వుకోనీ. మా అమ్మాయికి నాలుగో ఏటి నుంచి ఆయాసం. గోడకి చెమ్మ పట్టిందంటే దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. మందు పీల్చే గొట్టం మూడు చోట్ల పెడతాను. ఒకటి దాని సంచిలో, ఒకటి దిండు పక్కన, ఒకటి నా దగ్గర. ఇప్పుడు దానికి పంతొమ్మిదేళ్లు. అయినా అది పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి గానీ నా పని నేను చేసుకోలేను.

పక్కింట్లో టైలరక్క ఉండేది. తోడబుట్టింది కాదు, అయినా అక్కే. భర్త పోయాక ముందుగదిలో రెండు మిషన్లు వేసుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది. అమ్మాయి చిన్నప్పుడు ఆయాసంతో ఎగబీలుస్తుంటే, చేతిలో పని పక్కన పడేసి వచ్చి, దాన్ని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని గంటల తరబడి వీపు నిమిరేది. నేను ఏడుస్తుంటే నన్నే కసిరేది. "నువ్వు ముందు ఊపిరి పీల్చుకోవే. అది నిన్ను చూసి బెదురుతోంది" అనేది.

వీధికి చివరి ఇల్లు మాది. వాలంతా మావైపే. అక్క పెరటి నీళ్లు మా ఇద్దరి మధ్య గోడ అడుగునున్న తూములోంచి మా పెరట్లోకి వచ్చి, అక్కణ్ణించి వీధి కాలవలో కలిసేవి. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచాక అక్కకి ముందువైపు నుంచి నీళ్లు పోయే దారే లేదు. ఆ తూమొక్కటే గతి. ఇన్నేళ్లూ దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు. మా ఇళ్ల వెనక పెద్ద పల్లం ఉండేది. ఎంత వాన కురిసినా అందులోకే పోయేది. పోయిన ఏడాది ఒక కంపెనీవాళ్లు దాన్ని కొని, లారీలకి లారీలు మట్టి తోలి, మా గోడలకన్నా ఎత్తు చేసి ప్లాట్లు వేశారు. ఇక ఆ ఎత్తు మీది నీళ్లన్నీ అక్క పెరట్లోకి, అక్కణ్ణించి మా పెరట్లోకి.

ఈ ఏడాది మొదటి వానకే నీళ్లు మా రెండో మెట్టు ఎక్కాయి. మాకున్నవి మూడే మెట్లు. మూడోది కూడా మునిగితే గడప, గడప దాటితే అమ్మాయి గది. ఆ లెక్క నా తలలో తిరుగుతూనే ఉంది.

ఆ ఆదివారం కాలనీ సంఘం వాళ్లంతా లెక్కల మాస్టారి వరండాలో కూర్చున్నారు. ఆయన రిటైరయ్యాక సంఘానికి ప్రెసిడెంటు. గురువారం కంపెనీ ఇంజనీరు వచ్చి చూస్తాడట. వాళ్ల మట్టి వల్లే నీళ్లు వస్తున్నాయని తేలితే, వాళ్ల ఖర్చుతోనే మన వెనకంతా పెద్ద కాలవ తవ్విస్తారట.

"అందాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు" అన్నారు మాస్టారు. "గోడలెత్తడాలు, తూములు మూయడాలు ఏమీ వద్దు. ఉన్నది ఉన్నట్టు వాడి కంట పడాలి. మనలో ఒక్కరు తేడా చేసినా వాడికి సాకు దొరుకుతుంది."

అందరం కాగితం మీద సంతకాలు పెట్టాం. నేను కూడబలుక్కుని రాస్తుంటే అక్క పక్కనుంచి తొంగి చూసింది. "వాతావరణ శాఖ సంతకం పడింది మాస్టారూ, ఇంక మబ్బులు ఇటు రావాలంటే అర్జీ పెట్టుకోవాలి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సోమవారం పొద్దున్నే పడమటి దిక్కు నల్లబడింది. అమ్మాయి రెండుసార్లు దగ్గింది. అంతే, నా కాళ్లు నిలవలేదు. మా ఆయన పనికి వెళ్లిపోయారు. మూలింట్లో గోడ పూస్తున్న తాపీ మేస్త్రిని పిలుచుకొచ్చి తూము చూపించాను.

"పక్కింటావిడకి తెలుసామ్మా?" అని అడిగాడు.

"తెలుసు" అన్నాను.

రెండు ఇటుక ముక్కలు, ఒక బొచ్చెడు సిమెంటు. పావుగంట పని. నాలుగు రోజులే కదా, ఇంజనీరు వచ్చేలోపు తీయించేస్తాననుకున్నాను.

అక్కతో చెప్పాలనే మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. గదినిండా బట్టలే. తెల్ల చొక్కాలు ఒక కుప్ప, నీలం లాగూలు ఒక కుప్ప, ఇంకా కత్తిరించని తానులు గోడవారగా నేలమీద. ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడింది. "బుధవారం స్కూలుకి అప్పజెప్పాలే. తలెత్తితే ఒట్టు. ఆ గుండీలు కాస్త చొక్కాకి ఆరేసి చొప్పున జోళ్లు కట్టి పెట్టు, పుణ్యముంటుంది."

కూర్చుని గుండీలు జోళ్లు కట్టాను. నేలమీదున్న ఆ తానుల్ని చూస్తూనే ఉన్నాను. చెబితే తిడుతుందేమో, మాస్టారితో అంటుందేమో, ఇప్పుడే తీయించమంటుందేమో. ఎన్ని భయాలో. గుండీలు అయిపోయాయి. లేచి వచ్చేశాను.

మంగళవారం భోజనాల వేళకి వాన పట్టుకుంది. గంటసేపు ఒకే ధార. మా పెరట్లో నీళ్లు మొదటి మెట్టు కూడా తాకలేదు. గోడ అవతల నుంచి అక్క గొంతు వినిపించింది.

"చెల్లీ, తూము ఏదో అడ్డం పడినట్టుందే. ఆకులేమో. నీ వైపు నుంచి కాస్త కర్రతో పొడు."

నా చేతిలో కర్ర కూడా లేదు. "పొడుస్తున్నానక్కా" అన్నాను.

కొంచెం ఆగి మళ్లీ అడిగింది. "కదిలిందా?"

"కదల్లేదక్కా."

"సర్లే, నువ్వు తడవకు. అమ్మాయి దగ్గరుండు."

ఉండలేకపోయాను. గొడుగు కూడా లేకుండా అక్కింటికి పరిగెత్తాను. అప్పటికే పెరటి గుమ్మంలోంచి నీళ్లు ముందుగదిలోకి వచ్చేశాయి. అక్క చేటతో ఎత్తి బయటికి పోస్తోంది. అంతసేపూ నేను తూము తీస్తానని, నీళ్లు తగ్గుతాయని చూసిందట. అందుకే మిషన్లు ముందు ఎత్తలేదు. ఇద్దరం కలిసి ఒకటి బల్ల మీదికి ఎక్కించాం. రెండోదాని మోటారు అప్పటికే మునిగిపోయింది. నీలం తానుల రంగు దిగి గదిలో నీళ్లన్నీ సిరా అయిపోయాయి. కుట్టి మడతపెట్టిన తెల్ల చొక్కాలు అందులో తేలుతున్నాయి. అక్క ఒక్కొక్కటే తీసి పిండింది. "ఇది మూడో తరగతి వాళ్లది" అని ఒకసారి అంది, అంతే. స్కూలువాళ్లు ఆ మర్నాడే పని వేరేవాళ్లకి ఇచ్చేశారు.

బుధవారం మేస్త్రి కోసం మూలింటికి వెళితే వేరే ఊరు పనికి వెళ్లాడన్నారు. గురువారం ఇంజనీరు వచ్చాడు. మాస్టారు ముందుగా అక్కింటికే తీసుకెళ్లారు, ఎక్కువ నష్టం అక్కడే కాబట్టి. తడి గోడల్నీ ఇంకా ఆరని బట్టల్నీ చూసి అతను తల ఊపాడు. తర్వాత మా పెరట్లోకి వచ్చి గోడవారగా తూము దగ్గర వంగాడు. బూటు అంచుతో తట్టాడు.

"ఇది ఈ వారం వేసిన సిమెంటే కదండీ. మీ దారి మీరే మూసుకుని మా మట్టి అంటారేం?"

మాస్టారు వంగి చూశారు. లేచి, నా వైపు కాదు, ఇంజనీరు వైపు కూడా కాదు, చేతిలోని సంతకాల కాగితం వైపు చూశారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంజనీరు ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. వెనక కాలవ మాట ఆ రోజుతోనే పోయింది.

వీధివాళ్లు అన్న మాటలన్నీ రాయను. అనవలసినవే అన్నారు. అమ్మాయి మాత్రం, "నా ఆయాసం పేరు చెప్పి ఎవరి ముందూ ఏడవకమ్మా. పెద్దమ్మ ముందు అసలే వద్దు" అంది.

సాయంత్రం గునపం తీసుకుని నేనే తూము పగలగొట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. అవతల అక్క చప్పుడు విని బయటికొచ్చింది. నేను ఆ చిన్న కంతలోంచి ఆమె పాదాలు చూస్తూ మాట్లాడాను.

"పిల్లకి ఏమైనా అవుతుందేమోనని భయమేసిందక్కా."

"నాకు తెలీదటే నీ భయం?" అంది. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "మూయొద్దనేదాన్నా? ఒక్క మాట చెబితే ముందురోజే బట్టలన్నీ అటక మీద పెట్టుకునేదాన్ని కదా. మీ ఇంటికే మోయించేదాన్ని. కూర్చుని గుండీలు జోళ్లు కట్టావు, ఒక్క మాట చెప్పలేకపోయావా?"

పాదాలు కాసేపు ఉండి వెళ్లిపోయాయి.

నెల తిరక్కుండా అక్క తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. ఇల్లు ఆ కంపెనీకే ఇచ్చేసింది. ప్లాట్లలోకి దారి వేస్తారట. సామాను ఎక్కించేటప్పుడు అమ్మాయి వెళ్లి సాయం చేసింది. నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. బండి కదిలేముందు అక్క దాని నెత్తిన చెయ్యి వేసి ఏదో చెప్పింది. ఏం చెప్పిందని నేను అడగలేదు, అదీ చెప్పలేదు.

ఆ తర్వాత పెద్ద వాన కురిసింది, ఆ మంగళవారం కన్నా పెద్దది. తూములోంచి నీళ్లు సుడులు తిరుగుతూ మా పెరట్లోకి వచ్చాయి. మొదటి మెట్టు మునిగింది, రెండోది మునిగింది. నేను మందు గొట్టాలు మూడూ కొంగులో మూటకట్టుకుని గడపలో నిలబడ్డాను. నీళ్లు మూడో మెట్టు కిందనే ఆగాయి. ఒక గంట అలాగే ఉండి, తర్వాత నెమ్మదిగా తీయడం మొదలుపెట్టాయి.

అమ్మాయి నా వెనక నుంచి చూస్తోంది. దాని ఊపిరి మామూలుగానే ఉంది.

"ఇంతేనా అమ్మా?" అంది.

"ఇంతేనే" అన్నాను.

అది లోపలికి వెళ్లిపోయింది. నీళ్లు పూర్తిగా పోయేదాకా నేను గడపలోనే కూర్చున్నాను.