పర్యవేక్షణ ఖర్చు సున్నా

పన్నెండు బళ్ళు. ఆరింటిని ఒకే కాంట్రాక్టరుకు గుత్తకిచ్చి కట్టించారు. మిగతా ఆరింటికి గుత్తేదారే లేడు. హెడ్‌మాస్టర్లే సిమెంటు కొని, మేస్త్రీలను మాట్లాడుకుని, దగ్గరుండి కట్టించుకున్నారు. ఏ పద్ధతి చవకో తేల్చే పని ఆఫీసులో చిన్న ఇంజనీరు నెత్తిన పడింది. ఇకముందు కట్టబోయే నలభై బళ్ళూ ఆమె రిపోర్టు చెప్పినట్టే కడతారు.

తేల్చడానికేముంది? హెడ్‌మాస్టర్ల బళ్ళు నూటికి పద్దెనిమిది తక్కువలో పూర్తయ్యాయి. ఆ హెడ్‌మాస్టర్లలో అన్నిటికన్నా చవకగా కట్టించింది ఇంజనీరు సొంత అక్క. ఆ ఏడాదంతా ఆ మహాతల్లి కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగింది. ఇటుకకు ఇటుక కొట్టి చూసి, మోగనిదాన్నల్లా తిరిగి లారీ ఎక్కించింది. ఆమె గొంతు వింటే లారీ డ్రైవర్లు హడలి చచ్చేవారు. నలభై బళ్ళ పనీ ఆమెకే అప్పగిస్తారని అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. అక్క అయితే కొత్త కుర్చీకి దిండు కూడా కొనేసుకుంది.

ఇంజనీరుది మాత్రం పాడు అనుమానం. లెక్క మరీ చక్కగా కుదిరితే ఆమెకు నిద్రపట్టదు. కాంట్రాక్టరు బిల్లులో పర్యవేక్షణకని ఒక పెద్ద మొత్తం ఉంది. అక్క బిల్లులో ఆ గడిలో సున్నా ఉంది. పని చూసింది అక్కే కదా, మరి అన్నాళ్ళూ అక్క క్లాసు ఎవరు చూశారు? ఆ ఏటి రిజిస్టరు తెప్పించింది. ఐదో తరగతి లెక్కల పాఠం నూట నలభై రోజులు జరగలేదు.

రిపోర్టులో అదనంగా ఒక వాక్యం రాసింది. పైకి పంపే ముందు ఆ కాగితం పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది.

అక్క వంటగదిలోనే నిలబడి చదివింది. ముఖం జేవురించింది.

"ఏమే, ఎండలో మాడి, చిల్లిగవ్వ కూడా వాడుకోకుండా కట్టించానే! దానికి నువ్విచ్చే మెప్పు ఇదా?"

"నువ్వు తిన్నావని ఎవరన్నారక్కా? పాఠం జరగలేదంటున్నాను, అంతే."

"పక్క క్లాసు మాస్టారు చూసుకున్నాడు."

"ఆయన రెండు క్లాసులూ అల్లరి చెయ్యకుండా చూశాడు. చెప్పలేదు."

"ఇది పైకి వెళితే ఆ పని నాకు రాదు. తెలుసా?"

"తెలుసు."

తెలుసు కాబట్టే రెండు రోజులుగా చెల్లెలికి ముద్ద దిగడం లేదు. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని భాగహారం నేర్పింది ఈ అక్కే. అయినా ఆ వాక్యం కొట్టెయ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు. కొట్టేస్తే ఇంకో నలభై బళ్ళలో పిల్లలు ఇలాగే ఖాళీగా కూర్చుంటారు.

అక్క స్టవ్ కట్టేసింది. బల్ల ముందు కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంది.

"పెన్నియ్యి," అంది.

వాక్యమే కొట్టేస్తుందనుకుంది చెల్లెలు. అక్క నూట నలభైని కొట్టేసి, పైన నూట అరవై రెండు అని రాసింది.

"కొన్ని రోజులు చెప్పకుండానే చెప్పినట్టు రిజిస్టరులో సంతకం పెట్టాను," అంది తలెత్తకుండా.