మూడో ప్రశ్న

"మూడంటే మూడే అవునులు. అంతకు మించి ఒక్క ముక్క కూడా అక్కర్లేదు," అన్నాడు భర్త, తన తెల్లచొక్కా కాలరు మీద ఆమె ఇస్త్రీపెట్టె నడుపుతుంటే.

మర్నాడు ఆదివారం ఆరాధనలో అతన్ని సంఘపెద్దగా నియమిస్తారు. వాళ్ళ సంఘంలో ఒక పద్ధతి ఉంది. పెద్దగా నిలబెట్టే మనిషి గురించి అతని భార్యను అందరి ముందూ లేపి మూడు ప్రశ్నలు అడుగుతారు. ఇంట్లో ప్రార్థన చేస్తాడా? ఇంటివాళ్ళను ప్రేమగా చూసుకుంటాడా? వాక్యం బోధించగలడా? ఆవిడ మూడింటికీ అవునంటుంది, పాస్టరుగారు అతని తలమీద చెయ్యుంచి ప్రార్థిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. ఇంతవరకూ ఏ భార్యా కాదన్న దాఖలా లేదు. ఆ హాల్లో ఆడవాళ్ళ చేతికి మైకు అందేదే ఆ మూడు మాటలకు, ఇక పేచీలు కూడానా!

"గొంతు కాస్త పెద్దది చెయ్యి. వెనక వరసకి కూడా వినపడాలి," అన్నాడు మళ్ళీ.

ఆమె చొక్కా తిరగేసింది. మొదటి రెండు ప్రశ్నలతో ఆమెకు ఇబ్బంది లేదు. అతను మంచివాడు, మొహమాటానికి అంటున్న మాట కాదది. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా నిలబడి వచ్చి కూడా, సంఘంలో ఎవరికి జబ్బు చేసిందన్నా ఆస్పత్రికి పరిగెత్తుతాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని, ఏమీ మాట్లాడకుండా, వాళ్ళ చెయ్యి పట్టుకుని గంటలకొద్దీ కూర్చుంటాడు. చిక్కంతా మూడోదానితోనే.

పదకొండేళ్ళ కిందట, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళకు బుధవారం తరగతి చెప్పమని పాస్టరుగారు అతనికి అప్పగించారు. మొదటిరోజే, ముందుగదిలో ఏడుగురు కూర్చుని ఉండగా, "శిష్యుడంటే ఎవరు?" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. మంచినీళ్ళు తాగొస్తానని లోపలికి వెళ్ళినవాడు మరి బయటికి రాలేదు. టీ పళ్ళెంతో వచ్చిన ఆమెకు ఆ ఏడు మొహాలూ చూసి జాలేసింది. "శిష్యుడంటే ఇంకా నేర్చుకుంటూ ఉన్నవాడు," అంది పళ్ళెం దించుతూ. ఆ మాట పూర్తి చెయ్యడానికి గంటన్నర పట్టింది. మరుసటి వారం వాళ్ళు తిన్నగా వంటింట్లోకే వచ్చి కూర్చున్నారు.

సంగతి తెలిసి పాస్టరుగారు గడ్డం నిమురుకున్నారు. ఆడవాళ్ళు బోధించడం వాళ్ళ సంఘానికి గిట్టని విషయం. "వంటింట్లో చెప్పుకునేది బోధ కిందికి రాదులేమ్మా, ఊరికే మాటలు. రిజిస్టరులో మాత్రం అబ్బాయి పేరే ఉండనీ," అని నవ్వేశారు. అప్పటినుంచీ నోటీసు బోర్డు మీద ఈ రెండు వరుసలూ మారలేదు. తరగతి: సోదరుడు. తేనీరు: సోదరుని సతీమణి. ఆమె క్లినిక్కులో రోగుల పేర్లు రాసే కౌంటరు వెనక, మధ్యాహ్నం డబ్బా తింటూ పాత చీటీల వెనకవైపు పాఠం రాసుకునేది. సాయంత్రం పరుగున ఇంటికొచ్చి, ఒక కన్ను పొయ్యి మీది పాలమీదా, ఒక కన్ను పుస్తకం మీదా వేసి చెప్పేది. ముగింపు ప్రార్థనకు భర్త తలుపు దగ్గరికొచ్చి కళ్ళు మూసుకునేవాడు. అందరూ వెళ్ళాక ఇరవై కప్పులూ ఆమే కడుక్కునేది. "మీ ఆయన పాఠం ఎంత బాగా చెప్తారటండీ!" అని ఆడవాళ్ళు మెచ్చుకుంటే నవ్వి ఊరుకునేది. మెచ్చుకున్నవాళ్ళలో సగంమంది ఆ వంటింట్లో స్టూళ్ళ మీద కూర్చుని ఆమె నోటితో విన్నవాళ్ళే. మర్యాద మనుషుల చేత ఎంత పనైనా చేయిస్తుంది.

ఇన్నాళ్ళూ ఆమెను ఎవరూ అబద్ధమాడమనలేదు. నోరు మూసుకుంటే సరిపోయింది. రేపు నోరు తెరవాలి.

"మూడోదానికి ఏం చెప్పమంటారు?" అని అడిగింది.

"అవునని చెప్పు. అందరికీ తెలిసిందేగా, ఎవర్ని మోసం చేస్తున్నాం? అదొక లాంఛనం."

"అందరికీ తెలిసిందే అయితే నిజం చెప్తే పోయేదేముంది?"

అతను ఇస్త్రీ అయిన కాలరును వేలితో తడిమాడు. "అది నాన్న సంఘపెద్దగా కూర్చున్న కుర్చీ," అన్నాడు చిన్నపిల్లాడిలా. "జీవితంలో నేను కోరుకున్నది ఇదొక్కటే. నాకోసం ఒక్క మాట అనలేవా?" ఆమెకు గుండె తరుక్కుపోయింది. ఒక్క మాటే కదా అని కూడా అనిపించింది.

ఆ మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. కొడుకు మాటలు ఆవిడ చెవిన పడ్డట్టే ఉన్నాయి.

"నేనూ అన్నానే తల్లీ మూడు అవునులు. మొదటిది నిజం. తక్కిన రెండూ ఏదో పోనీలే అని."

"తరవాత ఏమైంది అత్తయ్యా?"

"ఏమవుతుంది? ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఇంట్లో చెయ్యి లేచినప్పుడు పాస్టరుగారి దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? అంతమంది ముందు బంగారంలాంటి మనిషని చెప్పింది నేనేగా." దుప్పటి కొసలు రెండూ కలిపి కోడలి చేతికిచ్చింది. "వాడు వాళ్ళ నాన్నలాంటివాడు కాదులే. అయినా నీ నోరు నీది," అని లేచి వెళ్ళిపోయింది.

అత్తగారి ఇంట్లో పదిహేనేళ్ళున్నా ఆవిడ నోట ఈ మాట వినడం ఆమెకు అదే మొదలు. ఆ దుప్పటి అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే వెల్డరు గుర్తొచ్చాడు. నిరుడు తరగతిలో చేరినవాడు. నిజం చెప్పడం గురించి పాఠం జరిగిన రోజు అందరూ వెళ్ళేదాకా ఆగి, పనిచేసేచోట రాగితీగ దొంగిలించానని ఒప్పుకున్నాడు. "దేవుడికి చెప్పేశానక్కా. సరిపోదా?" అన్నాడు. "ఎవరి దగ్గర దాచావో వాళ్ళకి కూడా చెప్పాలి తమ్ముడూ," అంది ఆమె, ఉల్లిపాయ తరుగుతూ, ఎంత తేలిగ్గానో! అతను వెళ్ళి చెప్పాడు. ఉద్యోగం పోయింది. ఆమె కుమిలిపోతే అతనే ఓదార్చాడు. "పోతే పోయిందక్కా. తినే ముద్ద గొంతు దిగుతోంది ఇప్పుడు." మూడు నెలలు తిరిగి ఎక్కడో చిన్న షెడ్డులో పని చూసుకున్నాడు. రేపు భార్యతో వచ్చి మూడో వరసలో కూర్చుంటాడు. ఉల్లిపాయలు తరుగుతూ ఇతరులకు ధర్మం చెప్పడం ఎంత సుఖమో ఆమెకు ఇప్పుడు తెలిసింది, సిగ్గేసింది కూడా.

ఆదివారం హాలు నిండిపోయింది. తెల్లచొక్కాలో భర్త ముందుకెళ్ళి నిలబడ్డాడు. పాస్టరుగారు ఆమెను లేపి మైకు అందించారు.

"మీ భర్త ఇంట్లో ప్రార్థన చేస్తారా?"

"అవునండి."

"ఇంటివాళ్ళని ప్రేమగా చూసుకుంటారా?"

"అవునండి." రెండూ నిండు మనసుతో అంది.

"వాక్యం బోధించగలరా?" అని అడుగుతూనే పాస్టరుగారు అతని తలవైపు చెయ్యి చాచారు.

"లేదండి."

చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమె మైకు నోటి దగ్గరే ఉంచుకుంది. "కష్టంలో ఉన్న మనిషి పక్కన కూర్చోవడం ఆయనకి వచ్చినట్టు నాకు రాదు. అది చిన్న సంగతి కాదు. పాఠం మాత్రం పదకొండేళ్ళ నుంచీ నేనే చెప్తున్నాను."

ఎక్కడో పసిపిల్ల ఏడ్చింది, ఎవరో ఊరుకోబెట్టారు. పాస్టరుగారు ఆదుకోమన్నట్టు ఆమె భర్తకేసి చూశారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నేలకేసి చూస్తూ, "తను చెప్పింది నిజమేనండి," అన్నాడు. ఆ క్షణాన అతని మీద ఆమెకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

పాస్టరుగారు తేరుకుని నవ్వు తెచ్చుకున్నారు. "అయ్యో, ఈ సంగతి ఇంతవరకూ మా దృష్టికే రాలేదే! కూర్చోమ్మా, తరవాత మాట్లాడుకుందాం," అంటూ మైకు కోసం చెయ్యి జాపారు.

ఆమె ఇవ్వలేదు. తరగతిలో ఎవరైనా జవాబుకు తడుముకుంటుంటే మాట్లాడే మెత్తటి గొంతుతోనే, "నేనూ మిమ్మల్ని ఒకటి అడుగుతానండి. ఒక్క మాటలో చెప్పండి చాలు," అంది. "మీకు తెలుసా, తెలియదా?"