ఉప్పు చూడని పులుసు

ముందుగా ఒక మాట. ఇవి మా ఆయన పోయాక రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు. నాది నెమ్మది చేయి, ఒక్కో పేజీకి ఒక్కో వారం పట్టింది. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే సర్దుకుని చదవండి, తప్పులుంటే మన్నించండి.

సూర్యకాంతం కోటబొమ్మాళిలో రైలెక్కేసరికి ఆమె కడుపులో నిన్న మధ్యాహ్నం తిన్న అన్నం తప్ప ఏమీ లేదు. భావనపాడు నుంచి వేటకు వెళ్లిన ఆమె మొగుడు సింహాచలం నిన్న పొద్దుగూకే వేళకు ఒడ్డుకు రావాలి. రాలేదు. తోడు వెళ్లిన నూకయ్యా రాలేదు. సముద్రం మరీ పోటు మీద లేదు, అలాగని నెమ్మదిగానూ లేదు. వాళ్లింట్లో అత్తల నాటి నుంచి ఒక పట్టు ఉంది. రావలసిన పొద్దు దాటినా పడవ రాకపోతే, అది ఒడ్డు తాకిందన్న కబురు వచ్చేదాకా ఇంటి ఆడది మంచినీళ్లు తప్ప నోట ఏదీ పెట్టదు. కోడలైనా అంతే, కూతురైనా అంతే.

అలాంటి రోజున విజయనగరం ఎందుకు బయల్దేరిందంటే, కూతురు అనూరాధ కోసం.

అనూరాధ అక్కడ కంటోన్మెంట్ దాటాక ఓ పాత బంగళాలో నడిచే హోటల్లో వంట చేస్తుంది. అరకు వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు ముందే చెప్పుకుని అక్కడ ఆగి భోంచేస్తారు. అందరికీ ఒకే పొడుగు బల్ల. కావలసింది అడిగి తెప్పించుకోవడం ఉండదు. వాళ్లు ఏది పెడితే అది, ఉసిరికాయంత, ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటుంది. నెలకోసారి వంటవాళ్లలో ఒకరి ఇంటివాళ్లను కూడా ఆ బల్ల ముందు కూర్చోబెడతారు. ఈసారి అనూరాధ వంతు వచ్చింది. పైగా ఆ రోజు అనూరాధ సొంతంగా చేసిన వంటకం మొదటిసారి ఆ వరసలో వెళుతోంది. పచ్చి చింతకాయ వేసిన నెత్తళ్ల పులుసు, అంటే వేలెడంత చేపల పులుసు. మెప్పిస్తే అది ఆ హోటల్లో నిలుస్తుంది.

రానంటే కూతురు ఎందుకని అడుగుతుంది. ఆ పిల్ల దగ్గర అబద్ధం నిలవదు. నిజం తెలిస్తే తనూ పస్తుంటుంది, గరిటె నాలుకకు తాకించదు. కిందటేడు ఇలాగే తెలిసి, హాస్టల్లో రోజంతా నీళ్లు తాగి పడుకుంది. రుచి చూడకుండా వంట మనిషి వంటేం చేస్తుంది?

"నువ్వెల్లే. నాను ఈడే కూకుంటాను. పడవ కానొస్తే ఫోన్ సేస్తాను," అని పొద్దున పంపింది నూకయ్య పెళ్లాం దేముడమ్మ, ఒడ్డున ఇసకలో కూర్చుని.

రైల్లో తోడు అన్న కూర్మయ్య. కోటబొమ్మాళి సంతలో ఎండుచేపల బేరం చేస్తాడు. టెక్కలి నుంచి తెచ్చిన పకోడీ పొట్లం చెల్లెలి ముందు పెట్టాడు.

"నువ్వో పకోడీ తింటే సముద్రానికి తెలుస్తాదేటే?"

"సముద్రానికి తెలవదు. నాకు తెలుస్తాది."

"ఓలమ్మ. అయితే నానే తింతాను."

బంగళాలో బల్ల చుట్టూ వాళ్లిద్దరు కాక, హైదరాబాదు నుంచి వచ్చిన వాళ్లు ఓ ఎనిమిదిమంది కూర్చుని ఉన్నారు. వడ్డించే పిల్ల ఉష మొదటి ప్లేటు తెచ్చింది. నల్లరాతి పలక మీద చిటికెడు జీడిపప్పు ముద్ద, దాని నెత్తిన ఒకే ఒక కరివేపాకు.

"ఇది తిండానికా అమ్మా, సూడ్డానికా?" అన్నాడు కూర్మయ్య.

"ముందు చూసి తర్వాత తినండి," అంది ఉష నవ్వుతూ.

అతను తనది ఒక్కసారిగా మింగి, చెల్లెలి పలకను తన ముందుకు లాక్కుని తన ఖాళీ పలకను ఆమె ముందుకు తోశాడు. ఇద్దరూ రైల్లో అనుకున్న ఏర్పాటే అది.

బంగళా గోడలు మూరెడు మందం. లోపల ఫోనుకు సిగ్నలు అందదు. సూర్యకాంతం వాకిలి వైపు చూసింది, ఫోను వైపు చూసింది, లేచి వరండాలోకి వెళ్లింది. ఎవరూ ఫోన్ చేయలేదు. తానే చేసింది.

"నేదే," అంది దేముడమ్మ. "గాలి మాత్రం తగ్గింది."

తిరిగొచ్చేసరికి చేతులు తుడుచుకోవడానికి ఇచ్చిన, ఆమె ఒడిలోంచి జారిన తెల్లగుడ్డ చక్కగా మడతపెట్టి కుర్చీ చేతి మీద ఉంది. బల్ల మీద ఇంకేమీ రాలేదు. ఆమె కూర్చున్నాకే రెండో ప్లేటు వచ్చింది. అదీ కూర్మయ్యే తిన్నాడు. ఆమె మళ్లీ లేచింది. మళ్లీ వచ్చింది. గుడ్డ మళ్లీ మడత పడింది. ఈసారీ బల్ల ఖాళీగానే ఉంది, అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఆంటీగారూ, మీరు కూర్చుంటేగానీ మాకు భోజనం రాదట," అన్నాడు ఎదుటి కుర్చీలోని కుర్రాయన, మర్యాదగానే.

"మా సెల్లి కుర్చీలో ముళ్లున్నాయి బాబూ," అన్నాడు కూర్మయ్య.

ఉష వంగి మెల్లగా చెప్పింది. "ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్నా తర్వాతది తేమండి. అందరికీ ఒకేసారి పెట్టాలి. అది ఇక్కడి పద్ధతి."

ఒకరు రాకపోతే అందరూ ఆగాలి. సూర్యకాంతానికి అది కొత్త సంగతి కాదు. కూర్చుంది. రొయ్య వచ్చింది, వెళ్లింది. గుమ్మడికాయ చారు చిన్న గిన్నెలో వచ్చింది, అదీ కూర్మయ్య నోట్లోకే వెళ్లింది. ఆమె కాళ్లు బల్ల కింద ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉన్నాయి. మూడోసారి లేచి రెండడుగులు వేసేలోగా వంటింటి తలుపు తోసుకుని అనూరాధ వచ్చింది. తెల్లకోటు, నెత్తిన టోపీ, మొహమంతా చెమట.

"అమ్మా, కూకో. నువ్వు లేచినప్పుడల్లా లోపల అందరం గరిటెలు అట్టుకుని నిలబడిపోతన్నాం. నెక్స్ట్ నాదే వస్తాది."

"కూకుంటానే. కాళ్లు తిమ్మిరెక్కినాయి."

అనూరాధ తల్లి ముందున్న గిన్నె చూసింది. గిన్నె ఖాళీగా ఉంది గానీ, పక్కన పెట్టిన చెంచాకు తడి లేదు. మావ చెంచా మాత్రం ఎంగిలి. గొంతు తగ్గించింది.

"నాన్న ఎప్పుడెల్లినాడు?"

కూర్మయ్య బల్లమీది పూల వైపు తిరిగిపోయాడు.

"అమ్మా, ఎప్పుడు రావాల?"

"నిన్న."

అనూరాధ వంటింట్లోకి వెళ్లిపోయింది. తల్లి వెనకే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది. పొయ్యి మీద పులుసు కుతకుతలాడుతోంది. అనూరాధ గరిటెతో కొంచెం తీసి, పెదవి దాకా తెచ్చి, దించేసింది.

"సూడే తల్లీ. నాను పస్తున్నాను కదా, ఒకరుంటే సాలు."

"అలగయితే నువ్వు తిను, నాను సూస్తాను."

సూర్యకాంతం వంటింట్లో ఉన్న మిగతావాళ్ల వైపు చూసింది.

"ఇంకెవులికైనా ఇచ్చి సూడమను."

"మన పులుసు ఎలగుంటాదో ఈలకేటి తెలుసు?" అంది అనూరాధ. మళ్లీ గరిటె ముంచి, "మావని పిలు," అంది.

కూర్మయ్య వచ్చాడు. మేనకోడలు గరిటె అందించింది. అతను చప్పరించి, కళ్లు మూసుకుని, "సప్పగున్నాది," అన్నాడు. ఆమె ఉప్పు వేసింది. మళ్లీ చప్పరించాడు. "ఇంకొంచిం." మళ్లీ వేసింది. "ఆఁ. ఇప్పుడు మనింటి పులుసు."

సూర్యకాంతం కుర్చీకి తిరిగి వచ్చింది. పది గిన్నెలూ ఒకేసారి బల్ల మీదికి దిగాయి. హోటలు నడిపే ఝాన్సీ అందరి ముందూ నిలబడి, ఇది భావనపాడు ఇళ్లలో కాచే పులుసని చెప్పింది. అందరూ ఒకేసారి చెంచాలు ఎత్తారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు నీళ్ల గ్లాసులు ఎత్తారు. ఉష ఖాళీ కూజా తీసుకుని లోపలికి పరుగెత్తింది. ఏళ్ల తరబడి ఎండుచేపలు రుచి చూసి చూసి ఉప్పు ఆనని నాలుక కూర్మయ్యది. ఆ సంగతి తల్లీకూతుళ్లిద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.

ఈసారి కూర్మయ్య చెల్లెలి గిన్నె జోలికి రాలేదు.

ఝాన్సీ ఖాళీ అయిన నీళ్ల గ్లాసులు చూసి వంటింట్లోకి వెళ్లింది. సూర్యకాంతం ఆగలేకపోయింది. పద్ధతి ఎలా పోతే పోనీ అనుకుని, తన గిన్నె చేత్తో పట్టుకుని వంటింట్లోంచి పెరటి మెట్ల మీదికి వెళ్లింది. వెళుతుంటే ఝాన్సీ మాట చెవిన పడింది. "ఉప్పు నువ్వు చూడలేదు కదా? ఈసారికి ఇది తీసేద్దాం. వచ్చేవారం నీ నాలుకతో చెయ్యి, అప్పుడు చూద్దాం."

మెట్ల మీద సిగ్నలు ఉంది. ఫోను మోగింది.

"ఒలే సూర్రకాంతం, దొరికినారే," దేముడమ్మ ఆయాసపడుతోంది. "ఇంజను ఆగిపోనాదంట. ఒడియావోల్ల బోటు గోపాలపూర్ కాడికి లాక్కెల్లింది. ఒడ్డునే ఉన్నారంట ఇద్దరూ."

"ఆయన్తో మాటాడినావా?"

"మా ఆయనే మాటాడినాడు. నీ నెంబరిచ్చినాను. మీ ఆయన సేస్తాడు."

అనూరాధ వచ్చి పక్కన కూర్చుంది. కూర్మయ్య వెనక నిలబడ్డాడు.

"ఒడ్డు తాకినారు కదా, ఇంక తిను," అన్నాడు.

"ఆయన గొంతు ఇననీ అన్నియ్యా."

ఫోను మళ్లీ మోగే లోపల ఆమె మూడు మెట్లు దిగింది, ఎక్కింది. మోగాక గిన్నె మెట్టు మీద పెట్టి ఎత్తింది.

"ఏటే, పలకవేటి?" సింహాచలం గొంతు. వెనకాల ఎవరో ఒడియాలో అరుస్తున్నారు. "పిల్ల హోటలుకెల్లినావంట కదా. ఏటి పెట్టింది?"

"నువ్వేటి తిన్నావు ముందు సెప్పు."

"ఈలు పొఖాళొ పెట్టినారు. సద్దన్నమే. రెండోపాలి అడిగి పెట్టించుకున్నాను."

"సూడే మీ నాన్నని," అంది సూర్యకాంతం కూతురితో. కొంగుతో మొహం తుడుచుకుంది. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో చల్లారిన గిన్నె ఎత్తి నోట్లో పోసుకుంది. మింగింది. కూతురు ఆమె నోటివైపే చూస్తోంది.

"ఎలగున్నాది?" అన్నాడు సింహాచలం.

"ఉప్పెక్కువైనాది."

"ఎంత?"

"ఎంతంటే... సముద్రంలో పడ్డోడివి కదా నువ్వు, నీకు తెలవదేటి?" అని మళ్లీ పోసుకుంది. అడుగున మిగిలిన నెత్తళ్లు వేళ్లతో తీసి అనూరాధ నోట్లో పెట్టింది. అనూరాధ నమిలి, మొహం చిట్లించి, నవ్వింది.

"వచ్చేవారం మల్లీ సేస్తాది," అని ఫోన్లో చెప్పింది సూర్యకాంతం. "అప్పుడు నువ్వొద్దువు గాని. నాను ఈ కుర్చీల్లో కూకోలేను. ముందు పడవ బాగుసేయించుకుని బేగి రా." గిన్నె మెట్టు మీద పెట్టి, సంచి భుజాన తగిలించుకుని, అప్పుడే అన్నను తొందర పెడుతోంది. "లెగు అన్నియ్యా. బండికి వేళయినాది."

"ఇంకా పాయసం ఉన్నాదంట," అన్నాడు కూర్మయ్య.

మైలపల్లి లక్ష్మణమ్మ
అరవై ఏడేళ్లు
ఇప్పుడు ఉంటున్నది కోటబొమ్మాళి