కటావికి తునకలు

మధుసూదన్‌రావుకు ఆఫ్రికా మీద ప్రేమ పుట్టలేదు, వియ్యంకుడి మీద కుళ్లు పుట్టింది. ఆ వియ్యంకుడు పోయినేడు కెన్యాలోని మసాయి మారాకు వెళ్లొచ్చి ఊరికే ఉండొచ్చు కదా! జీపులో నిలబడి సింహంతో దిగిన ఫొటోను తలుపంత పెద్దగా చేయించి హాల్లో వేలాడదీశాడు. కూతుర్ని చూడటానికి వెళ్లినప్పుడల్లా ఆ సింహం కిందే కూర్చుని చాయ్ తాగాల్సి రావడం రావు గారికి పుండు మీద కారం చల్లినట్టయింది.

"కరీంనగర్‌ల ఎవ్వడు పోని జాగ కావాలె నాకు," అన్నాడు మా ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూర్చోకముందే. "దాని పేరు పలుకుదామంటే గూడ మా ఇయ్యంకునికి నోరు తిరగొద్దు."

ఆయనకు గ్రానైటు క్వారీలున్నాయి. గుట్టలను ముక్కలుగా కోసి ఓడలెక్కించిన మనిషి. ఆ గుట్టల్లోని ఎలుగుబంట్లు దారితప్పి ఊళ్లమీద పడితే, "ఫారెస్టోళ్లు ఏం పీకుతున్నరు?" అని తిట్టిన మనిషి కూడా ఆయనే. అలాంటివాడికి అడవి చూపించడం నాకు ముందునుంచీ ఇష్టం లేదు. అయినా నవ్వుతూ చాయ్ తెప్పించాను.

ఎందుకో చెబుతాను. కరీంనగర్ మంకమ్మతోటలో చిన్న ట్రావెల్స్ ఆఫీసు పెట్టుకున్నదాన్ని. కాశీ, రామేశ్వరం, షిర్డీ. లేదంటే పొద్దున వేములవాడ, సాయంత్రం ధర్మపురి. బస్సులో వాంతులు చేసుకునేవాళ్లకు నిమ్మకాయలు పంచి పంచి నా చేతులకే ఆ వాసన పట్టింది. కానీ ఖాళీ దొరికితే నేను చదివేది ఆఫ్రికా అడవుల గురించి. అవి కూడా జనం ఎగబడేవి కావు, ఎవరూ పోనివి. టాంజానియా పడమటి మూలన కటావి అని ఒక అడవి ఉంది. వానలు పోయి నది ఎండితే, మిగిలిన బురద గుంటల్లో వందల నీటిగుర్రాలు ఒకదాని వీపు మీద ఒకటి పడి దొర్లుతుంటాయట. చూసే మనుషులు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. ఏ ఊళ్లో విమానం మారాలో, ఏ నెలలో దారి తెగుతుందో నాకు కంఠతా వచ్చు. వెళ్లే స్తోమతే ఎన్నడూ లేదు. ఆరుగురిని తీసుకెళితే ఏడో మనిషిగా నేనూ ఖర్చు లేకుండా వెళ్లొచ్చు. రావు గారి దోస్తులతో కలిపి సరిగ్గా ఆరుగురు తేలారు. ఇక నేనేం మింగడానికైనా సిద్ధపడ్డాను.

మింగాల్సినవి చాలానే వచ్చాయి.

"ఆడి నల్లోళ్లు మనతోటి ఒక్క జీపులనే కూసుంటరా?" అని అడిగాడు ఒకరోజు. గైడు లేకుండా ఆ అడవిలో జీపు కదలదని చెప్పాను. ఇంకోరోజు, "సింహం వేట మాకు కచ్చితంగ చూపియ్యాలె. లేకుంటే పైసలు వాపస్," అన్నాడు. సింహానికి మీ టైం టేబుల్ పంపిస్తాలెండి అందామనిపించి నాలుక కరుచుకున్నాను. ఆయన భార్య సీతాబాయి మంచి మనిషే గానీ సకినాలు, పచ్చళ్లు, పెరుగు తోడుతో సహా మోసుకెళ్లాలని ఆమె పట్టు. చివర ఎక్కేది చిన్న విమానం, మెత్తటి సంచి ఒక్కటే రానిస్తారు అంటే, "గదేం ఇమానమే అవ్వా, ఆటో కన్న అధ్వాన్నం!" అని మూతి తిప్పింది.

ఆ రోజుల్లోనే రావు గారింటి నుంచి ఒక స్టీలు డబ్బా వచ్చింది. తెరిస్తే తునకలు. మాంసాన్ని పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి తీగమీద ఎండబెట్టినవి. వాటిని మా అవ్వ దేవవ్వ దోసకాయ వేసి వండింది. ఆ రుచి ఏం చెప్పను! గిన్నె అడుగు కూడా గీక్కుని తిన్నాను. వచ్చిన డబ్బాను వట్టిగా పంపకూడదు కాబట్టి అవ్వ తీపి గరిజలు చేసి నింపి పంపింది. నేను ఫోన్ చేసి పొగడ్తలు కుమ్మరించాను.

"సార్, గిసొంటి రుచి మా ఇంట్ల ఎన్నడెరుగం."

మా దిక్కు ఒకరింటి కూరను మెచ్చుకుంటే మళ్లీ అడిగినట్టే లెక్క. పెద్దిల్లయితే మళ్లీ పంపకపోవడం వాళ్లకే నామోషీ. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసే పొగిడాను. ఏడో సీటు ఇంకా ఖాయం కాలేదు మరి.

"మా ఫారంల సత్తవ్వ చేతి పని అది," అని ఆయన పొంగిపోయాడు. "మల్ల పంపుతతియ్, ఫికర్ చెయ్యకు."

టూరు గురించి చివరి మాటలకు అందర్నీ ఆసిఫాబాద్ అవతలి తన ఫామ్‌హౌస్‌కు పిలిచాడు. పొద్దున్నే బస్సెక్కి, ఆసిఫాబాద్‌లో దిగి ఆటోలో వెళ్లాను. గేటుకు అటూ ఇటూ సిమెంటు సింహాలు. పసుపు రంగు వేసి మూతికి ఎర్రటి పెయింటు పూశారు. లోపల పత్తిచేను, దాని వెనక టేకు అడవి. వరండాలో బల్లమీద మ్యాపు పరిచి, దారి అంతా వేలితో చూపించాను. నది దగ్గర నా వేలు కాసేపు ఆగింది కూడా.

"అంత దూరం జీపుల కూసుంటే నోట్లెకు ఏమన్న ఉండాలె గదా," అన్నాడు రావు. "మన తునకలు పట్టుకపోదం. సింహాన్ని చూసుకుంట నములుకుంట ఉండొచ్చు."

దోస్తులు పగలబడి నవ్వారు. ఆ దేశంలోకి మాంసం తేనివ్వరని చెప్పి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను.

పెరడంతా ఎర్రగా ఉంది. దండేల మీద బట్టల్లాగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మాంసం. కింద మట్టిలో చుక్కలు చుక్కలుగా పడిన నెత్తురు నల్లబడి ఉంది. తెల్ల జుట్టు ముసలమ్మ ఒకామె వేపమండతో ఈగలు తోలుతోంది. అవి ఇటు లేచి అటు వాలుతున్నాయి.

"సత్తవ్వవు నువ్వేనా? శాన పెద్ద యాటనే కోసినట్టున్నరు," అన్నాను, అదంతా మేక మాంసమనుకుని.

"యాటేంది బిడ్డా, దుప్పి."

చెప్పినదాంట్లో దాపరికం ఏమీ లేదు. గోడవార గోనెపట్టా కింద పరిచిన తోలును కూడా మండతోనే చూపించింది. ఎర్రటి తోలుమీద తెల్లటి చుక్కలు. ఉప్పు చల్లారు, అయినా కంపు కొడుతోంది.

"మరి మొన్న కరీంనగర్‌కు పంపింది?"

"గదీ దుప్పే. పత్తిచేన్ల పందులు పడుతున్నయని కరెంటు తీగ పెడితే, పంది పడలే, దుప్పి పడ్డది. పానం ఉసూరుమన్నది, ఇగ ఆ తీగ తీసేసినం. గని కరీంనగర్‌ల ఎవలో పిల్లకు తునకలు మస్తు నచ్చినయట. సార్ ఫోన్ చేసి మల్ల తీగ ఎయ్యమన్నడు." ఈగలు తోలడం ఆపి నా మొహంలోకి చూసింది. "గా పిల్లవు నువ్వేనా?"

నేను ఆ తోలు వైపు తిరిగాను.

"గిది కడుపుతోటి ఉండె," అంది సత్తవ్వ మెల్లగా. "లోపటిది కుక్కలకేసిండ్రు."

గోడ పట్టుకుని భళ్లున కక్కాను. పొద్దున తాగిన చాయ్ తప్ప ఏం రాలేదు. రావాల్సింది ఎప్పుడో ఒంట్లో కలిసిపోయింది, అదే నాకు అన్నిటికన్నా రోతగా అనిపించింది.

వరండాలోకి వచ్చేసరికి సీతాబాయి ఎదురొచ్చింది. "అయ్యో, ఎండ దెబ్బేమో. నిమ్మకాయ వాసన చూడు బిడ్డా," అని నా చేతిలో కాయ పెట్టింది. దాన్ని మ్యాపు మీద పెట్టి రావును అడిగాను.

"గది దుప్పి మాంసమా సార్?"

"మరేందనుకున్నవ్?" ఆయన మొహంలో బెరుకు గానీ సిగ్గు గానీ లేవు, అతిథి మర్యాద ఉంది. "గంత మెత్తగ మేక ఉంటదా? నువ్వు మెచ్చుకుంటివని నీకోసమే చేయించిన."

"కడుపుతోటి ఉన్నదట."

"తీగకేం తెలుస్తది, కడుపున్నదో లేదో? గింత పరేషానెందుకు? దుప్పే గదా, ఏనుగా? ఆడికి పోతే వందలు చూస్తవ్ గదా." ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. "చూడు, ఊళ్లె ఇంటింటికి కుప్పలేసి పంపినం. అందరు తిన్నరు, నువ్వు తిన్నవ్, మీ అవ్వ తిన్నది. ఎవలు ఎవలికి చెప్తరు? కూసో. టికెట్లు చెయ్యి. ఏడో సీటు నీదే."

అబద్ధమెందుకు, ఆ మాటకు నా చూపు మ్యాపు మీదికే పోయింది. నిమ్మకాయ దొర్లి నది మీద ఆగి ఉంది. ఆ బురద గుంటలు, ఆ వీపులు, జనం లేని ఆ మైదానం కళ్ల ముందు కదిలాయి. ఒక్క మాట మింగితే చాలు. ఇన్ని మింగినదాన్ని. కానీ గొంతులో ఇంకా పుల్లటి కక్కు రుచి ఉంది. కటావికి వెళ్లినా ఆ జీపులో నా పక్కన ఈయనే కూర్చుంటాడు, నేను నీటిగుర్రాలను చూస్తుంటే ఈయన నములుతుంటాడు. ఛీ అనిపించింది. ఆయన్ని చూసి, నన్ను చూసుకుని కూడా.

"వేరేటోళ్లను చూసుకోండి సార్," అని లేచాను. మ్యాపు తీసుకోలేదు. సిమెంటు సింహాలు దాటి రోడ్డెక్కి, ఆటో పట్టుకుని ఆసిఫాబాద్‌లో ఫారెస్టు ఆఫీసుకు వెళ్లాను.

అక్కడి అధికారి అంతా విన్నాడు. "నీకు ఎట్ల తెలిసింది? ఎవరు చెప్పిన్రు?" అని అడిగాడు.

సత్తవ్వ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆపాను. ఆమె పొట్టకూడు అక్కడే.

"నేను తిన్న సార్. మంచిగున్నయని మెచ్చుకున్న. మెచ్చుకున్నందుకే రెండోది పడ్డది. ముందు నా పేరు రాసుకోండి."

ఆయన పెన్ను ఆపి నన్ను వింతగా చూశాడు. తర్వాత లేచి మనుషుల్ని కేకేశాడు. వాళ్ల జీపు ఫామ్‌హౌస్ దారి పట్టేదాకా ఆఫీసు గేటు దగ్గరే నిలబడ్డాను. రేపు మళ్లీ రావాలన్నారు. వస్తానన్నాను.

కరీంనగర్‌లో బస్సు దిగేసరికి పొద్దు గూకింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. దారంతా ఒకటే అనుకుంటూ వచ్చాను, ఇక ఈ జన్మలో మాంసం ముట్టనని, ఆ పేరెత్తితేనే డోకు వస్తుందని. మా సందు మలుపు తిరిగాను. తలుపు తీసే ఉంది. పోపు వాసన, దోసకాయ మగ్గిన వాసన.

"వచ్చినవా?" అంది అవ్వ పొయ్యి దగ్గర నుంచి, గరిటె తిప్పుతూ. "రావు సార్ మనిషి పొద్దుగాల నువ్వు పోంగనే డబ్బా ఇచ్చిపోయిండు, ముందుగ ఆరినయట. నువ్వు మెచ్చుకుంటివట గదా, గీసారి ఇంక మెత్తగున్నయి. కాళ్లు కడుక్కోని రా, అన్నం పెడుత."

పొయ్యి ఆర్పాను. "ఏమైందే?" అని అవ్వ అడుగుతూనే ఉంది. ఈ గిన్నె రేపు ఆసిఫాబాద్ ఫారెస్టు ఆఫీసుకు పట్టుకుపోవాలి. మూత కోసం వెతుకుతుంటే ఆవిరి మొహానికి తగిలింది. మూత దొరికి, పెట్టేదాకా నా నోట్లో నీళ్లూరుతూనే ఉన్నాయి.