వ్యాసం కూడా జ్యాయే

నేను ఒక వృత్తలేఖినిని. పిల్లల జామెట్రీ పెట్టెలో ఇమిడే ఇనుప ముక్కను కాను సుమా! నల్లబల్ల మీద గీసే మూరెడు చెక్కదాన్ని. ఒక కాలికి ఇనుప ములికి, రెండో కాలికి సుద్దముక్క. పలాసలో ఒక వడ్రంగి మంచం కోళ్లకు పోగా మిగిలిన టేకుతో నన్ను చేశాడు. ఊరి బడిలో మొదటి ఇద్దరు మాస్టార్లూ నన్ను పిల్లల్ని కొట్టడానికే ఎక్కువ వాడారు. మూడో ఆయన సింహాద్రి మాస్టారు మాత్రం పాపం, గీయడానికి వాడారు.

ములికి గుచ్చినచోటు కేంద్రం, నా కాళ్ల మధ్య దూరం వ్యాసార్థం, సుద్ద చుట్టి వచ్చిన దారి పరిధి అని నన్ను చూపించే చెప్పేవారు. వృత్తం మీద ఏ రెండు బిందువులు కలిపినా జ్యా. "జ్యాలన్నిటిలోకీ పెద్దది, కేంద్రం గుండా పోయేది వ్యాసమర్రా" అనేవారు. ఏడో తరగతి పైడితల్లి ఆ మాట గట్టిగా పట్టుకుంది.

వాళ్లమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసేది. జీడి సొన తగిలి ఆవిడ వేళ్లు నల్లబడిపోయాయి. గురుకులంలో సీటు వస్తే పైడితల్లి చదువుకుంటుంది, లేకపోతే తల్లి పక్కన పీట వేసుకుంటుంది. ఆ సీటుకు బడి నుంచి ఒక్కరినే ఎంచడానికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు.

నేను గీసిన వృత్తంలో నడిమి గీతను బెత్తంతో చూపించి, "ఇదేమిటమ్మా?" అన్నారు.

"పెద్ద జ్యా అండి."

"జ్యా ఏమిటి? కేంద్రం గుండా పోతుంటే కనబడటం లేదూ? వ్యాసం!"

"వ్యాసం కూడా జ్యాయే కదండి. మా సారే సెప్పినారు."

ఇన్‌స్పెక్టరు గారు మాస్టారి వైపు తిరిగారు. మాస్టారి ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద ఆయనే సంతకం పెట్టాలి. నేను మాస్టారి చేతిలోనే ఉన్నాను. చెప్పండి బాబూ, ఒక్క ముక్క చెప్పండి అని లోపల ఎంత గింజుకున్నానో!

"నేనలా చెప్పలేదండి. పిల్ల పొరబడింది" అన్నారు మాస్టారు.

పైడితల్లి ఏడవలేదు. ఆయన మొహంలోకి చూసింది, అంతే. సీటు ఇంకొకరికి పోయింది. వేసవి సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. మాస్టారి ఉద్యోగం ఖాయమైంది. ఆయన మీద నాకు జాలీ ఉంది, కోపమూ ఉంది. కోపమే ఎక్కువ.

మరుసటేడు అదే పాఠం. మాస్టారు వ్యాసం గీసి, పిల్లల వైపు తిరగకుండానే, "ఇది జ్యా కూడా అవుతుందా?" అని అడిగారు.

"అవదండీ!" అని తరగతంతా అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది పైడితల్లి చెల్లెలు రాములమ్మ.

"మా అక్క అవుతాదని తప్పు సెప్పేసి సీటు పోగొట్టుకుంది సారూ. నాను సెప్పను" అంది.

ఆ పిల్లను దిద్దాలంటే ముందు తన అబద్ధం ఒప్పుకోవాలి. మాస్టారు నన్ను గోడకు తగిలించి, పుస్తకం మూసేశారు.